పిచ్చుక కూడా ఆ ఇంటిదే

డైనోసార్ల మీద పిల్లల పుస్తకం రాస్తూ, చివరి అధ్యాయం కోసం నెల్లూరు జిల్లాకు వెళ్లొస్తానంటే మా ఆవిడ నవ్వింది. "అక్కడేమన్నా ఎముకలు బయటపడ్డాయా?" అంది. ఎముకలు కాదు, ప్రాణాలతోనే ఉన్నాయి, పులికాట్ సరస్సులో ఒంటికాలి మీద నిలబడి ఉంటాయి అన్నాను. ఈ మాట అనడం నాకిష్టం. విన్నవాళ్లు తికమకపడతారు. అప్పుడు నేను విడమరిచి చెప్పొచ్చు.

మాది నంద్యాల. సముద్రం చూడాలంటే ఒక రాత్రి ప్రయాణం. నెల్లూరు తీరం చూడనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను కాబట్టి ఇసుక గురించి, పులుసు గురించి, పక్షుల గురించి చెబుతాను. వాటితో పాటు అక్కడ నా నోటి వల్ల జరిగిన ఒక పొరపాటు గురించి కూడా చెప్పాలి. దాన్ని వదిలేసి రాద్దామని ఒకసారి ప్రయత్నించాను. మిగిలినదంతా చప్పగా తయారైంది.

బిట్రగుంట

నన్ను రమ్మని పిలిచినాయన రమణయ్య గారు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. పిల్లల పత్రికలో నేను రాసే సైన్సు వ్యాసాలు మనవరాలికి చదివి వినిపిస్తూ, అప్పుడప్పుడూ నాకు ఫోన్ చేసేవారు. అలా అయిన పరిచయం. చలికాలం చివర ఒక పొద్దున ఆయన స్టేషన్లో ఎదురొచ్చి, నా సంచీ లాక్కుని ముందు నడిచారు.

బిట్రగుంట రైలు కోసం పుట్టి, రైలు పక్కకు తప్పుకున్నాక కూడా అక్కడే ఉండిపోయిన ఊరు. వెడల్పాటి రోడ్లు, ఎర్ర ఇటుక క్వార్టర్లు, పెంకులు జారిన కప్పులు, మనుషులకంటే ఎక్కువగా చెట్లు. ఒకప్పుడు ఇంజన్లు నిలిచే షెడ్డు వైపు చూపించి, "ఈడ పొగకు మా జేజి బట్టలు ఆరేసేది కాదన్నా" అని వాళ్ల నాయనమ్మను తలుచుకున్నారు రమణయ్య గారు.

టిఫినుకు కారం దోసె. ముప్పై రూపాయలు. మా వైపు దోసెకు ఎర్ర కారం పూసి పైన పప్పుల పొడి చల్లుతాం. ఇక్కడ ఆ పొడి లేదు, కారం నేరుగా నాలుక మీదే దిగుతుంది. నేను నీళ్ల గ్లాసు అందుకుంటుంటే హోటలాయన "సీమ మనిషివి గదా సామీ, నువ్వే ఇట్టయితే ఎట్టా?" అన్నాడు.

దోసె తింటూ రమణయ్య గారు అసలు సంగతి చెప్పారు. వాళ్లది పుట్టుకతో సముద్రపు ఇల్లు. బోగోలు దగ్గర తీరంలో ఒక పాళెం. వాళ్ల తాత చేపల వేట మానేసి, షెడ్డులో బొగ్గు ఎత్తే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆ తాత అన్న పిల్లలు, మనవలు పాళెంలోనే ఉన్నారు. ఇప్పటికీ పడవలు నడుపుతున్నారు.

ఆ పాళెంలో ఒక కట్టుబాటు ఉంది. ఒక మూలపురుషుడి సంతతిలో ఎవరైనా చనిపోతే, ఆ సంతతి ఇళ్ల పడవలన్నీ ఇసుక మీదికి లాగేస్తారు. దినం అయ్యేదాకా వల ముట్టరు. మైల మనకూ ఉంది గానీ, మన మైల ఇంట్లో ఉంటుంది, పక్కింటివాళ్లకు కూడా తెలియదు. అక్కడ మైల ఒడ్డున కనబడుతుంది. ఎన్ని పడవలు ఆగాయో చూస్తే, పోయినాయనకు అయినవాళ్లు ఎవరెవరో ఊరందరికీ తెలిసిపోతుంది.

"నిరుడు మా అన్న పోయినాడు. పాళేనికి కబురు పంపినాం. ఆ పొద్దు పడవలన్నీ వేటకు పోయినాయి. ఒక్కటంటే ఒక్కటి ఆగలా" అన్నారాయన. దోసె ముక్క తుంచుతూ, "నేను పోయినప్పుడు కూడా అంతే గదా" అన్నారు.

నాలుగైదు రోజుల్లో పాళెంలో గంగమ్మ కొలుపు, అంటే అమ్మవారి జాతర. ఆ సంతతి ఇళ్లన్నీ ఒడ్డున వరసగా పొయ్యిలు పెట్టి పొంగలి వండుతాయి. ఆ వరసలో పొయ్యి పెట్టిన ఇల్లు లెక్కలో ఉన్నట్టు. రైల్వేకు వచ్చినప్పటి నుంచీ రమణయ్య గారి ఇంటికి ఆ వరసలో చోటు లేదు. ఈసారి అడగాలని ఆయన నిర్ణయించుకున్నారు. పక్కన నాలాంటి చదువుకున్నవాడు ఒకడుంటే మాటకు బలం ఉంటుందని ఆయన ఆశ. నేను ఛాతీ కొంచెం ముందుకు పెట్టుకునే ఆటో ఎక్కాను.

బోగోలు దగ్గర పాళెం

పాళెం పెద్ద పోలయ్య. రమణయ్య గారికి వరసకు అన్న. వీళ్లిద్దరి తాతలు సొంత అన్నదమ్ములు. నల్లని మనిషి, తెల్లని మీసం, తక్కువ మాట. ఆయన భార్య కోటమ్మ గారిది మాత్రం తక్కువ మాట కాదు.

"ఏం మరిదీ, రైలు లేటయిందా? ఇరవై ఏళ్లకు దిగినావు" అని ఆమె రమణయ్య గారిని గుమ్మంలోనే పట్టుకుంది.

మధ్యాహ్నం చేపల పులుసు. అప్పుడే దిగుతున్న మామిడికాయ ముక్కలు వేసి, ముందురోజు సాయంత్రమే కాచి ఉంచిన పులుసు. నెల్లూరువాళ్లు పులుసును వండిన పూట తినరట, అది మట్టి దాకలో ఒక రాత్రి నిద్రపోవాలట. మేం ఇంట్లో చేపలు తెచ్చిన రోజు అవి అయిపోయేదాకా లేవం, తెల్లారేదాకా ఆగే ఓపిక మా ఇంటా వంటా లేదు. నేను మూడోసారి అన్నం పెట్టించుకున్నాను. "సార్ పుస్తకాలే రాస్తాడనుకున్యా" అంది కోటమ్మ గారు.

భోజనాలయ్యాక నీడన మంచాలు వేశారు. వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్లు నలుగురైదుగురు చుట్టూ చేరారు. పోలయ్య గారు నా పుస్తకం గురించి అడిగారు.

"ఆ డైనోసారంటే సినిమాలో వచ్చేదే గదా? పెద్ద బల్లి. ఇది ఆ జాతిది, ఇది కాదు అని మీరెట్టా చెబుతారు?"

నాకు కావలసింది ఇదే. లేచి నిలబడి చెప్పాను. బల్లికీ మొసలికీ కాళ్లు పక్కకు చాచుకుని ఉంటాయి. డైనోసార్ కాళ్లు స్తంభాల్లా ఒంటి కింద నిటారుగా ఉంటాయి. తుంటి ఎముకలో తొడ ఎముక కూర్చునే చోట గిన్నెలాంటి గుంట ఉండాలి కదా, డైనోసార్‌కు ఆ గుంట అడుగు తెరుచుకుని, చిల్లుగా ఉంటుంది. ఆ చిల్లును చూసి మేం గుర్తుపడతాం అన్నాను. మేం అన్నాను. నేను జీవితంలో ఒక్క శిలాజాన్ని కూడా తవ్వలేదు.

అందరూ శ్రద్ధగా విన్నారు. పోలయ్య గారు తల ఊపారు. తర్వాత నెమ్మదిగా రమణయ్య గారి వైపు తిరిగారు.

"నువ్వేదో అడగాలని వచ్చినావని కోటమ్మ చెప్పింది. పొంగలి వరస గురించే గదా? చదువుకున్నాయన నీ ముందరే చెప్పినాడు. ఏ జాతికైనా ఒక గుర్తుండాల." ఆయన తన కుడి అరచేయి చాపారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వలతాడు కోసీ కోసీ పడిన గాడి, నల్లగా గట్టిపడి ఉంది. "మాకు ఇదీ గుర్తు. నీ చెయ్యి చూపించు."

ఎవరో నవ్వారు. "ఆయనకు పచ్చజెండా పట్టుకున్న గుర్తుంటాది లే" అన్నాడు ఒకాయన. రమణయ్య గారు చెయ్యి చూపించలేదు. పంచె మీద తుడుచుకుని ఒళ్లో పెట్టుకున్నారు.

నేను చెప్పింది సగమేనని నాకు తెలుసు. గుర్తులు చూసి గుర్తుపట్టడం వేరు, ఏది ఏ గుంపుకు చెందుతుందో తేల్చడం వేరు. ఆ రెండో సగం ఆ క్షణంలో నా నాలుక మీదే ఉంది. చెప్పలేదు. అందరూ నా మాటనే తీసుకుని న్యాయం చెబుతున్నారు, ఆ మాటను నేనే సవరిస్తే పలచనైపోతాననిపించింది. "చదువుకున్నాయన" అన్న పిలుపు చెవిలో ఇంకా తియ్యగా ఉంది. కోటమ్మ గారు సాయంత్రం రొయ్యల వేపుడు చేస్తానంది కూడా. ఇన్ని కారణాలు చెబుతున్నానంటే ఒక్కటీ సరైనది కాదని అర్థం.

ముత్తుకూరు

మర్నాడు పులికాట్‌కు బయలుదేరాం. బస్సులో రమణయ్య గారు కిటికీ పక్కన కూర్చుని నాతో మాట్లాడలేదు. కోపం లేదు. ఊళ్ల పేర్లు అడిగితే చెప్పారు. అంతే.

ముత్తుకూరు చేరేసరికి ఆకాశంలో పొగగొట్టాలు మొలిచాయి. రోడ్డు మీద లారీ వెనక లారీ. చెట్ల ఆకుల మీద బూడిద రంగు. కాకా హోటళ్ల బోర్డులు హిందీలో, ఒరియాలో కూడా ఉన్నాయి, పనికి వచ్చినవాళ్ల కోసం. టీ పదిహేను రూపాయలు, కానీ గ్లాసు మా ఊరి గ్లాసులో సగం.

పోలయ్య గారి కొడుకు శీనయ్య అక్కడ రేవులో క్రేన్ నడుపుతాడు. అద్దె గదిలో ఒక్కడే ఉన్నాడు. భార్య కాన్పుకు పుట్టింటికి వెళ్లిందట. దారిలో పలకరించి పొమ్మని కోటమ్మ గారు పచ్చడి జాడీ ఒకటి మాకిచ్చి పంపింది. ఆ జాడీ బస్సులో నా ఒళ్లోనే ఒలికి, నా చొక్కా నూనె మరకలతో ముత్తుకూరు చూసింది. శీనయ్య తన చొక్కా ఒకటి ఇచ్చాడు. అది నాకు మోకాళ్ల దాకా వచ్చింది. ఆ రోజంతా రమణయ్య గారు నవ్వింది ఆ ఒక్కసారే.

"చిన్నాయనా, నాన్న ఏమన్నాడు?" అని శీనయ్యే అడిగాడు.

"గుర్తు చూపించమన్నాడు."

శీనయ్య తన అరచేతుల వైపు చూసుకున్నాడు. మెత్తటి చేతులు. క్రేన్ పని మీటల పనే. "నాకూ లేదుగా" అన్నాడు. "అడిగినావా ఆయన్ను, మరి నీ కొడుకు సంగతేందని?"

"అది అడగకూడదు రా. ఆయన కడుపు మీద కొట్టినట్టుంటాది."

నేను అక్కడే ఉన్నాను. రమణయ్య గారు గెలవడానికి వీలున్న మాటను, అవతలి మనిషి నొచ్చుకుంటాడని వదిలేశారు. నేను నిన్న చెప్పవలసిన మాటను, నేను చిన్నబోతానని వదిలేశాను. మౌనం రెండు చోట్లా ఒకటే. లోపల ఉన్నది వేరు.

నేలపట్టు, పులికాట్

మర్నాడు పొద్దున నేలపట్టు. చెరువులో చెట్లు నడుము లోతు నీళ్లలో నిలబడి ఉన్నాయి. ఆ చెట్ల మీద గూడబాతుల గూళ్లు. గడ్డం కింద సంచీ వేలాడే ఆ పెద్ద తెల్ల పక్షులు కొమ్మ మీద వాలేటప్పుడు కొమ్మ మొత్తం కిందికి వంగి లేస్తుంది. కట్ట మీద గడ్డి కోసుకుంటున్న ఒకామె, "వీటిని ఎవురూ కొట్టరన్నా. రెట్ట నీళ్లలో పడతాది, ఆ నీళ్లు మడికి పోతాయి. ఇవి రాని యేడు పైరు కూడా బాగుండదు" అంది. మా ఊళ్లో కొంగ వాలితే పిల్లలు రాయి ఏరుకుంటారు. చిన్నప్పుడు నేనూ ఏరాను.

మధ్యాహ్నం దాటాక పులికాట్. నీళ్లు ఎక్కడ అయిపోయి ఆకాశం ఎక్కడ మొదలవుతుందో తెలియదు. ఫ్లెమింగోలు దూరంగా గులాబీ గీతలా ఉన్నాయి. దగ్గరగా చూద్దామని రోడ్డు దిగాను. పది అడుగులు వేశానో లేదో బురద మోకాలి దాకా లాగింది. రమణయ్య గారు చెయ్యిచ్చి బయటికి తీశారు గానీ, నా ఎడమ చెప్పు రాలేదు. టీ కొట్టు ఆయన తమిళం కలిసిన తెలుగులో, "అంద చెప్పు పోయిందే అనుకో సార్. ఏరి ఇచ్చింది తీసుకోవాల, తీసుకున్నది అడగకూడదు" అన్నాడు. ఏరి అంటే తమిళంలో చెరువు.

కొట్టు బల్ల మీద ఒంటి చెప్పుతో కూర్చుని, రమణయ్య గారికి ఆ రెండో సగం చెప్పాను.

ఒకప్పుడు పండితులు కూడా పోలయ్య గారిలాగే గుర్తులు చూసి గుంపులు కట్టేవారు. పొలుసులు ఉండి, నేల మీద పాకేవన్నీ ఒక ఇల్లు. రెక్కలూ ఈకలూ ఉన్నవి ఇంకో ఇల్లు. చూపుకు బాగానే ఉంది. కానీ పుట్టుక వెతుక్కుంటూ పైకి పోతే, మొసలికి బల్లికంటే పిచ్చుకే దగ్గరి చుట్టమని తేలింది. పక్షులు డైనోసార్ల కడుపునే పుట్టాయి. అయినా వాటిని ఆ ఇంట్లో లెక్కపెట్టలేదు, ఎందుకంటే పోలికలు మారిపోయాయి. గుర్తులు నమ్ముకుని పెట్టిన పేర్లు ఎంత తమాషా చేశాయంటే, డైనోసార్లలో ఒక శాఖకు తుంటి ఎముక పక్షి తుంటిలా ఉందని "పక్షి తుంటివాళ్లు" అని పేరు పెట్టారు. తీరా చూస్తే పక్షులు పుట్టింది ఆ శాఖలో కాదు, "బల్లి తుంటివాళ్లు" అన్న రెండో శాఖలో. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

రమణయ్య గారు ఫ్లెమింగోల వైపు తిరిగారు.

"అంటే వాటికి రెక్కలొచ్చినాయని ఇంట్లోంచి తీసేసినారు."

"అవును."

"మా తాతకు రైలొచ్చింది."

నాకు నవ్వు రాలేదు. "ఈ మాట మొన్న పోలయ్య గారి ముందు చెప్పి ఉండాల్సింది. తెలిసీ చెప్పలేదు. తప్పు నాది" అన్నాను.

ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. "నాకు చెబితే ఏముందన్నా? నేను ఆ ఇంటోడినని నాకు తెలవక కాదు గదా."

మళ్లీ పాళెం

రబ్బరు చెప్పులు కొనుక్కుని, ఆ మర్నాడు పాళేనికి తిరిగి వెళ్లాం. పడవలు వచ్చి చేపలు అమ్ముడైపోయిన వేళ. అవే మంచాలు, దాదాపు అవే మనుషులు. ఈసారి నిలబడలేదు. నేల మీద కూర్చుని, "పోలయ్య గారూ, మొన్న నేను సగమే చెప్పాను" అన్నాను.

"మిగతా సగం యాడ పెట్టినావు సామీ, నంద్యాల్లోనా?"

"నా దగ్గరే ఉండింది. మీరు నన్ను గొప్పవాణ్ని చేసి కూర్చోబెట్టారు, దిగడానికి మనసొప్పలేదు."

కోటమ్మ గారు చేపలు కడుగుతున్నదల్లా చెయ్యి ఆపి నన్ను చూసింది. చెప్పాను. తుంటిలో చిల్లు గుర్తుపట్టడానికి పనికొచ్చే ఆనవాలు మాత్రమే. ఇల్లు ఏదో తేల్చేది అది కాదు. డైనోసార్ల ఇంటిని తేల్చడానికి పండితులు రెండు జీవులను తీసుకుంటారు. ఒకటి మూడు కొమ్ముల డైనోసార్, రెండోది మన చూరులో ఉండే పిచ్చుక. ఒక్కోదాని తల్లిదండ్రుల్ని, వాళ్ల తల్లిదండ్రుల్ని వెతుక్కుంటూ పైకి పోతే, రెండు దారులూ ఒక చోట కలుస్తాయి. ఆ కలిసిన చోట ఉన్నది మూలం. దానికి పుట్టిన ప్రతిదీ డైనోసారే. ఆ సంతతిలో ఒక శాఖకు తుంటి చిల్లు తర్వాత మూసుకుపోయింది. ఎవరూ దాన్ని బయటికి పంపలేదు. పాముకు కాళ్లు పోయినా, అది నాలుగు కాళ్ల ఇంటి బిడ్డేనని లెక్క.

"పిచ్చుక, అంత లావు జంతువుకు చుట్టమా?" అంది కోటమ్మ గారు.

"చుట్టం కాదమ్మా. పిచ్చుక కూడా ఆ ఇంటిదే."

"అందుకే మా ఇంట్లో బియ్యం మీద అంత పెత్తనం చేస్తాది."

నవ్వులయ్యాయి. పోలయ్య గారు నవ్వలేదు. ఆలోచిస్తున్నారు. ఆయన అడిగిన ప్రశ్న నేను ఎదురుచూడనిది.

"సరే సామీ. ఇద్దర్ని పట్టుకోని పైకి పోతే ఒకడు కనబడతాడు. ఇంకొంచెం దూరపోన్ని పట్టుకుంటే ఇంకా పైనోడు కనబడతాడు. అట్టా పోతే ఈ ఒడ్డున బోగోలు కాడ్నించి పులికాట్ దాకా అందరూ ఒక కడుపున పుట్టినోళ్లే అవుతారు. దినామూ యాడో ఒకడు పోతానే ఉంటాడు. మరి నేను పడవ దించేది ఎప్పుడు, పిలకాయలకు కూడు పెట్టేది ఎప్పుడు? రైల్వేకు పోయినోళ్లు ఇయ్యాల మద్రాసులో ఉండారు, బెజవాడలో ఉండారు. వాళ్లందరికీ పడవలు ఆపితే సముద్రం ఆగతాదా?"

అప్పటిదాకా ఆయన్ని నేను మొండి మనిషి అనుకున్నాను. ఆయన గీత గీసింది కోపంతో కాదు, కూటి కోసం. "మీరన్నది నిజం" అన్నాను. "ఏ ఇద్దరిని పట్టుకోవాలన్నది మనుషుల ఇష్టమే. దాని మీద పండితులు కూడా ఇప్పటికీ తగువులాడుకుంటారు. ఎవరు ఎవరికి పుట్టారన్నది మాత్రం ఎవరి ఇష్టమూ కాదు. ఆ ఇద్దరూ రెండు గుంజలనుకోండి. అవి పాతాక, ఆ మూలపురుషుడి కింద ఉన్నవాళ్లలో ఒక్కర్నీ వదలకూడదు. ఒక గుంజ మీరు. రెండోది ఎవరన్నది మీరే చెప్పాలి. మీ సొంత తమ్ముడే చాలనుకుంటే చిన్న ఇల్లు. రమణయ్య గారైతే మీ ముత్తాత ఇల్లు మొత్తం."

పోలయ్య గారు నా వైపు చూడటం మానేసి రమణయ్య గారి వైపు తిరిగారు.

"రమణయ్యా. రెండేండ్ల కిందట మా చిన్నాయన భార్య పోయింది. నీకు కబురు అందిందా?"

"అందింది."

"ఏం చేసినావు?"

రమణయ్య గారు గొంతు తగ్గించారు. "ఆ పొద్దు మనవరాలి పుట్టినరోజన్నా. అందర్నీ పిలిచేసినాం. కేకు కోసినాం."

"నీ పొయ్యి ఆగకుండా నా పడవ ఎట్టా ఆగాల అబ్బయా?"

వల బాగుచేస్తున్నాయన సూది దించాడు. రమణయ్య గారు లేచి, "అడగాల్సిన మాటే అడిగినావు" అని పోలయ్య గారి భుజం మీద చెయ్యి వేసి, ఆటో వైపు నడిచారు. పొంగలి వరస గురించి పోలయ్య గారు అవుననలేదు, కాదనలేదు. "కొలుపు ఎల్లుండి గదా. చూస్తాం" అన్నారు నాతో.

దారిలో రమణయ్య గారు ఒక్క మాటే అన్నారు. "లెక్కలో పెట్టుకోమని పోయినా గానీ, నా లెక్కలో వాళ్లు లేరన్నా."

బిట్రగుంటలో కొలుపు పొద్దు

రమణయ్య గారి భార్య సుబ్బమ్మ గారు, పిలుపు వస్తుందో రాదో తెలియకపోయినా, కొత్త కుండ తెచ్చి పసుపు రాసి పెట్టారు. కొత్త బియ్యం, బెల్లం, మూడు రాళ్లకు బదులు మూడు ఇటుకలు. "ఒడ్డున రాళ్లు యాడ దొరుకుతాయి" అన్నారామె. వాళ్లు ఏ మూలన పొయ్యి పెట్టమంటే ఆ మూలన పెడతాం, వద్దంటే దూరంగా నిలబడి అమ్మవారికి దండం పెట్టుకుని వస్తాం. అదీ అనుకున్నది. నేను కూడా తలస్నానం చేసి తయారయ్యాను.

ఫోన్ మోగినప్పుడు రమణయ్య గారు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు. పోలయ్య గారి గొంతు పక్కనున్న నాకు కూడా వినబడింది. ఎక్కడో ఆసుపత్రి వరండాలో ఉన్నట్టున్నారు. వెనక ఎవరివో పేర్లు పిలుస్తున్నారు.

"రమణయ్యా, శీనయ్యకు కూతురు పుట్టింది. తెల్లారేటప్పటికి."

"మంచిమాట చెప్పినావన్నా. తల్లీబిడ్డా బాగుండారా?"

"బాగుండారు." వెనక ఇంకో పేరు పిలిచారు. "బిడ్డ చెయ్యి పట్టుకోని చూసినా అబ్బయా. అరచెయ్యి వెన్నలాగుంది."

రమణయ్య గారు గుండీ వదిలేసి ఫోన్ రెండు చేతులా పట్టుకున్నారు.

"పురుటి మైల గదా. కొలుపు నిలిపేసినాం, వచ్చే అమాసకు చేస్తాం. ఒడ్డున ఒక్క పొయ్యీ వెలగదు ఈ పొద్దు. అది చెప్పేదానికే చేసినా. నువ్వు గుడికి పోబాకు. ఇంట్లో దీపం పెట్టబాకు. పురుటి స్నానం అయ్యేదాకా పొంగలి మాట ఎత్తబాకు."

"సరేన్నా."

"కేకు కొయ్యబాకు."

"కొయ్యనన్నా."

ఫోన్ పెట్టేశాక ఆయన గుండీలు విప్పుకుంటూ అక్కడే నిలబడ్డారు. చూడాలని వచ్చిన కొలుపు నేను చూడలేదు. పొంగలి వరస ఎలా ఉంటుందో, గంగమ్మను ఎలా అలంకరిస్తారో మీకు చెప్పలేను. ఆ సాయంత్రమే నంద్యాల దారి పట్టాను.

కానీ ఆ ఫోన్ పెట్టేసేటప్పటికి ఇంకా లోపలి గదిలో సుబ్బమ్మ గారికి ఏమీ తెలియదు. దేవుడి పటాల ముందు కుందిలో నూనె పోసి, అగ్గిపుల్ల గీయబోతున్నారు.

"సుబ్బమ్మా, దీపం వద్దు. పురుడొచ్చింది" అన్నారు రమణయ్య గారు గుమ్మంలో నిలబడి.

ఆమె అగ్గిపెట్టె పట్టుకునే వెనక్కి తిరిగారు. "పురుడా? ఎవురికి?"

"మనకే" అన్నారాయన.